శ్రుతిని విద్యార్థే ఎంచుకోవాలి: బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులకు,

నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపై రెండేళ్ల డిప్లొమాగా సాగే ప్రభుత్వ సంగీత శిక్షణ, సరళీవరుసలు, అంటే మాయామాళవగౌళ రాగంలో స్వరాలను సాధన చేయించే తొలి పాఠాలు, మొదలుకొని కీర్తనల దాకా విద్యార్థిని మెట్టుమెట్టుగా నడిపించేందుకు ఉద్దేశించినది గనుక, ఆ మెట్ల వద్ద జరిగే పరీక్ష కూడా నేర్పేదిగానే ఉండాలి. 1889లో లండన్‌లో ఏర్పడిన సంగీత పరీక్షల సంస్థ అసోసియేటెడ్ బోర్డు నిర్వహించే ఎనిమిది గ్రేడుల పరీక్షల్లో మార్కులతోపాటు పరీక్షకుల రాతపూర్వక వ్యాఖ్య కూడా అభ్యర్థికి అందుతుంది. ఇక్కడి పిల్లలకూ అది అందాలి.

గొంతు మారే వయసులోని బాలురు తమ శ్రుతిని, అంటే పాటకు ఆధారమైన షడ్జ స్థాయిని, తామే ఎంచుకోవచ్చునని నియమావళి స్పష్టంగా చెప్పాలి. అలాగే, మార్కాపురం దగ్గరి పెద్దారవీడు విద్యార్థులు దూరప్రయాణంతో అలసిన గొంతుతో పాడవలసిన అవసరం లేకుండా, మార్కాపురంలోనే ప్రయోగ పరీక్షలు జరపాలి.