రంగు పాకెట్టు కాదు, వెనుక చీటీ చూడండి

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జనవరి మొదట్లో నుమాయిష్ మొదలవుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టిన ఈ ప్రదర్శన 1946లో ఇప్పటి మైదానానికి మారింది. చుట్టుపక్కల జిల్లాల రైతులు పిల్లాపాపలతో వచ్చి చూసి పోతుంటారు. వేసవి పంటగా తీగజాతి కూరగాయలు విత్తే అదను కూడా సరిగ్గా అదే. అందుకే దుప్పట్లు, గాజులు కొన్న చేత్తోనే నాంపల్లిలోనో, ఆబిడ్స్‌లోనో నాలుగు విత్తనాల పాకెట్లు కొని సంచిలో వేసుకోవడం మన వాళ్లకు అలవాటు.

నేనూ అలా మోసపోయినవాణ్ణే. మూడేళ్ల కిందట ఒక దుకాణంలో పచ్చగా నిగనిగలాడే జుకినీ బొమ్మ చూసి పది గింజల పాకెట్టు కొన్నాను. ఫిబ్రవరి నెలాఖరులో పెట్టాను. నాలుగే మొలిచాయి. ఎండలు ముదిరేసరికి మొక్క నిండా మగపూలే. చివరికి చేతికొచ్చింది రెండు కాయలు. తప్పు దుకాణం వాడిది సగమైతే, నాది సగం. జుకినీ చల్లదనం కోరే పంట. మన దగ్గర అక్టోబరు, నవంబరులో వేయాలి. ఎండ పెరిగితే మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి. అది తెలియకుండా బొమ్మను చూసి కొన్నాను.

స్క్వాష్ అన్నా, జుకినీ అన్నా వేరే వింతేమీ కాదు, మన గుమ్మడి కుటుంబమే. హైదరాబాదు హోటళ్లకు అమ్ముకునే వీలున్నవారు వేసుకోవచ్చు. కానీ అరెకరం, ఎకరం ఉన్న రైతు ఇంటి పెరట్లో వేయాల్సింది ఇంటిల్లిపాదీ తినేది, వచ్చే ఏడు మళ్లీ కొనక్కర లేనిది అని నా అభిప్రాయం. హైబ్రిడ్ చెడ్డదని నేననడం లేదు. చేనులో వేసి మార్కెట్‌కు పంపేవారికి దిగుబడి కావాలి, వేసుకోవాలి. పెరటికి మాత్రం అది దండగ. హైబ్రిడ్ కాయలో గింజ తీసి పెడితే తల్లి లక్షణాలు నిలవవు, ఏటా కొనాల్సిందే. అదే సూటి రకం గుమ్మడి ఒక్కటి పండితే వాడకట్టంతటికీ సరిపోయే గింజలు వస్తాయి.

మరి ఏ రకాలు ఎంచుకోవాలి? గుమ్మడిలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క చందన్ మంచిది. కాయ రెండు, మూడు కిలోలు తూగుతుంది. చిన్న కుటుంబానికి అర్క సూర్యముఖి నయం. కాయ చిన్నది, పండు ఈగను కూడా తట్టుకుంటుంది. సొరలో అర్క బహార్, పూసా నవీన్ ఉన్నాయి. స్క్వాషే కావాలనుకుంటే పాటీ పాన్, ఆస్ట్రేలియన్ గ్రీన్ సూటి రకాలే. వీటన్నిటికంటే ముందు మీ ఊళ్లో ఎవరింటి పాక మీద ఏటా కాయలు విరగకాస్తున్నాయో చూడండి. ఆ గింజ మీ నేలకు అలవాటు పడింది.

కొనక తప్పనప్పుడు పాకెట్టు తిప్పి చీటీ చదవండి. నీలి చీటీ ఉంటే ధ్రువీకరించిన విత్తనం. లేత ఆకుపచ్చ చీటీ అయితే అమ్మేవారి సొంత పూచీ. లాట్ నెంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు, మొలక శాతం ఉండాలి. ఈ జాతి విత్తనాలకు కనీస మొలక 60 శాతం. రశీదు అడిగి తీసుకోండి. అది లేకపోతే రేపు ఎవరి దగ్గర మొర పెట్టుకుంటాం?

ఇక సాగు. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంట తీసి, రెండు గంపల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపాలి. రాత్రి నానబెట్టిన గింజలు మూడు, నాలుగు నాటి, మొలిచాక బలమైనవి రెండు ఉంచాలి. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి చల్లితే ఆడపూలు పెరుగుతాయి. గంధకం మందులు మాత్రం ఈ తీగలపై చల్లరాదు, ఆకులు మాడిపోతాయి.

మొదట మగపూలే వస్తాయి, కంగారు పడవద్దు. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. తేనెటీగలు రాకపోతే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దాలి. గుమ్మడికి తెల్లవారుజామున, సొరకు, బీరకు సాయంత్రం.

పండు ఈగకు మందుకంటే శుభ్రతే మేలు. పుచ్చిన కాయలు ఏరి లోతుగా పాతిపెట్టాలి. ఎర బుట్టలకు క్యూ ల్యూర్ అడగండి. మిథైల్ యూజినాల్ మామిడి ఈగకే పనికొస్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సేద్యం పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి, నేనూ కొంటాను. వాటిలోని సాగు పద్ధతులు తీసుకోండి, మందుల పేర్లు వద్దు. వాటిలో కనిపించే ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టే నిలిపివేసింది.

విత్తనానికి మంచి తీగ మీద ఒక ఆడ మొగ్గకు, ఒక మగ మొగ్గకు విప్పకముందే దారం కట్టండి. విప్పే వేళకు దారం తీసి, అద్ది, ఆడపువ్వును మళ్లీ కట్టి కాయకు గుర్తు పెట్టండి. గుమ్మడి గోరు దిగనంత ముదిరాక కోసి, రెండు, మూడు వారాలు ఉంచి గింజ తీయాలి. నీడలో ఆరబెట్టి బూడిదలో దాచాలి. సొరకాయ చేదు తగిలితే తినకూడదు, విత్తనానికీ ఉంచకూడదు. ఆ చేదు ప్రాణం మీదికి తెస్తుంది.

ఉద్యాన శాఖ కార్యాలయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనే ఉంది. నుమాయిష్ రోజుల్లో సూటి రకాల గింజలు పదేసి చొప్పున చిన్న పొట్లాలు కట్టి రైతులకు అమ్మితే ఖజానాకు వచ్చే నష్టమేమీ లేదు. అంతవరకు మన పెరటి గింజను మనమే కాపాడుకోవాలి. మన ఇళ్లలో ఆ పని ఇన్నాళ్లూ చేసింది ఆడవాళ్లే. ఈసారి పట్నం పోయే ముందు ఇంట్లో అవ్వను అడగండి, ఉట్టి మీద ఏ గింజలున్నాయో.