సోదెకత్తె

“సోది ఆపి అసలు సంగతి చెప్పు” అని రోజూ ఎవరో ఒకరిని విసుక్కుంటూనే ఉంటాం. పనికిరాని మాట ఏదైనా ఇప్పుడు సోదే. ఒకప్పుడు సోదె అంటే దేవత పలికించే మాట. జరిగిందీ, జరగబోయేదీ చెప్పే మాట. అది చెప్పే ఆడమనిషి సోదెకత్తె. పేరు నిఘంటువులో భద్రంగానే ఉంది. ఊళ్లలో సోదెమ్మ అన్నారు, ఎరుకలసాని అన్నారు.

ఆమె పనితనం చూడండి. నెత్తిన బుట్ట, చేతిలో సన్నటి కర్ర. అరుగు మీద చతికిలబడి చేటలో బియ్యం పోయించుకుంటుంది. ఇల్లాలి చెయ్యి చాపించి, అరచేతికి కర్ర ఆనించి, ఊరూరి అమ్మవార్లనూ కొండదేవరలనూ పేరుపేరునా పిలుస్తుంది. ఆ పిలుపు సాగినంతసేపూ చూపు మాత్రం ఇల్లాలి ముఖం మీదే. తర్వాత నెమ్మదిగా, “నీ మనసులో ఒక దిగులుంది తల్లీ, అది ఇంటి దిగులే” అంటుంది. ఏ ఇల్లాలికి లేదు గనక! అయినా ఆ ఒక్క మాటకే కళ్లు చెమర్చేవి. అత్త ఆరళ్లు, మొగుడి తిరుగుళ్లు ఊళ్లోవాళ్లకు చెప్పుకుంటే పొద్దుగూకేలోపు వీధంతా పాకుతాయి. సోదెమ్మ అయితే మధ్యాహ్నానికల్లా పై ఊరు పోతుంది. ఆమె జోస్యం ఫలించిందా లేదా అన్నది నాకు పట్టింపు లేదు, నాకు జోస్యాల మీద నమ్మకమూ లేదు. కానీ అడ్డుపడకుండా వినే మనిషి ఆ ఇంటికి ఇంకెవరు వచ్చారు?

“సోదికి పోతే పాత రంకులన్నీ బయటపడ్డాయట” అని సామెత. నవ్వుకోడానికే పుట్టించారు గానీ, చెప్పేదంతా ఉత్తదే అనుకుంటే అంత భయమెందుకు?

ఎరుకలసాని పేరులోని ఎరుక అంటే తెలివిడి. కోస్తాలో చాలాచోట్ల పుస్తకాలకే పరిమితమైన ఈ మాట తెలంగాణలో “నీకెరుకేనా” అంటూ ఇప్పటికీ ఇంటింటా వినిపిస్తుంది. ఆమె తెగవాళ్లయిన ఎరుకల వాళ్లు మాత్రం తమను తాము కుర్రు అని చెప్పుకుంటారు. వాళ్ల ఇంటిమాట తమిళానికి దగ్గర. మగవాళ్లు బుట్టలల్లారు, గాడిదల మీద ఉప్పు మోశారు. రైలొచ్చి ఆ ఉప్పు బేరం పోయింది. ఆడవాళ్లు ఎరుక చెప్పారు. పద్మావతి మనసు సంగతి ఆమె తల్లి ధరణీదేవికి చెప్పాల్సి వచ్చినప్పుడు సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టాడని కథ. దేవుడికి పనికొచ్చిన ఆ వేషాన్నే తెల్లదొరల పోలీసులు అనుమానించారు. సోదె చెప్పే నెపంతో ఇళ్లు చూసుకుని, దొంగలకు ఆచూకీ ఇస్తారని రాసుకున్నారు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. ఎరుకల వాళ్లు పుట్టుకతోనే దొంగల పద్దులోకి ఎక్కారు. అలా పద్దుకెక్కినవాళ్లను ఉంచడానికి పుట్టించిన ఊరే స్టూవర్టుపురం. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. మనిషినే దొంగ అన్నాక ఆమె మాటకు మర్యాద ఎక్కణ్నుంచి వస్తుంది? సోదె సోదిగా దిగజారడంలో ఈ చట్టానికీ కొంత వాటా ఉందని నా అనుమానం.

టీవీలో పట్టుపంచె పెద్దమనిషి పొద్దున్నే పన్నెండు రాశులకూ పన్నెండు అబద్ధాలు చెబితే దాన్ని సోది అనం. ఆయన గురువుగారు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాట పలికే మాతంగి, పూజల్లో ఏం లోటు జరిగిందో నిలదీస్తుంది, వానల సంగతి చెబుతుంది. పెద్దపెద్దవాళ్లు చేతులు కట్టుకుని వింటారు, ఛానళ్లు ప్రత్యక్షంగా చూపిస్తాయి. దానికి భవిష్యవాణి అని సంస్కృతంలో పేరు. గడప దగ్గరికొచ్చిన సోదెమ్మకు ఆ సంస్కృతం దక్కలేదు. చేటెడు బియ్యమైనా ఇప్పుడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు తీస్తేనే.