ఊరికే ర్యాలి దాకా

మన కోనసీమలో బడికెళ్లే ఆడపిల్ల సైకిలు తొక్కితే ఎవరికీ వింత కాదు. ‘బడికొస్తా’ పథకంలో ప్రభుత్వమే సైకిళ్లిచ్చింది. పెళ్లయ్యాక అదే సైకిలెక్కితే మాత్రం ‘ఎక్కడికమ్మా?’ అని వీధంతా అడుగుతుంది. కూరగాయలకనో, పిల్లాడి మందులకనో చెబితే సరే. ఊరికే అంటే ఊరుకోరు.

ఊరికే వెళ్లాలనే నేనంటాను. ఫ్రాన్సులో సెయింట్ ఎమిలియన్ అని కొండమీద పాతకాలపు వైన్ ఊరుంది. అక్కడికి జనం సరదాగా సైకిళ్ల మీద వెళ్లి చూసొస్తారు. మనకైతే కొండెక్కే పనీ లేదు. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్టతో నీళ్లందుకున్న కాలవలున్నాయి, గట్ల మీద కొబ్బరి నీడ ఉంది.

ఈసారి కొత్తపేట వైపు పనిమీద వెళ్తే, సైకిలు ర్యాలికి తిప్పండి. అక్కడి గుళ్లో ఒకే రాతి విగ్రహం: ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని. వైన్ లేకపోతేనేం, అమృతం పంచిన ఆవిడ ఉంది! ముందు దణ్ణం పెట్టి పరుగెత్తేవాళ్లకు ఆవిడ కనబడదు. వెనక్కి వెళ్లి నిదానంగా చూడాలి.

ఇద్దరు ముగ్గురు కలిసి, ఎండెక్కకముందే బయల్దేరండి. ఎక్కడికని అడిగితే ‘ఊరికే’ అనండి.