సగటు లెక్కలో కొండ ఎక్కడ?

జ్ఞాన ఆర్థిక వ్యవస్థ అని ఇప్పుడు పెద్ద మాట. ఏ ప్రాంతం తెలివితో ఎంత ఎదిగిందో కొలిచి వరుస పెడుతున్నారు. నీతి ఆయోగ్ 2019లో ఇండియా ఇన్నోవేషన్ ఇండెక్స్ మొదలుపెట్టి రాష్ట్రాలకు ర్యాంకులిచ్చింది. పేటెంట్లు, పరిశోధన ఖర్చు, పీహెచ్‌డీలు, ఇంటర్నెట్ వంటివే అందులో తూకం రాళ్లు. కొలవొద్దని మేం అనం. లెక్కలో లేనివాడికి బడ్జెట్‌లో వాటా రాదు. ఎవరిని ఎవరితో కలిపి కొలుస్తున్నారు, దేన్ని జ్ఞానమంటున్నారు అన్నదే మన తగువు.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేదాకా అరకు, పాడేరు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. ఉక్కు ఫ్యాక్టరీ, ఓడరేవు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒక పక్క. ముంచంగిపుట్టు, పెదబయలు ఇంకో పక్క. 2011 జనాభా లెక్కల్లో ఆ జిల్లా అక్షరాస్యత సుమారు 67 శాతం. ఆ అంకెలో కొండమీది గూడెం ఎవరికి కనబడుతుంది? జిల్లా వేరైంది, సంతోషం. రాష్ట్రాల ర్యాంకు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ విశాఖ నీడలోకే పోతాం.

ఇక జ్ఞానం సంగతి. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. పేరు, ప్యాకెట్టు, బ్రాండు జ్ఞానమట! నీడ ఎంత ఉంచాలి, మిరియం తీగ ఏ మానుకి ఎక్కించాలి, ఏ పండు ఇవాళ కోయాలి, ఏది రేపటికి వదలాలి, ఇవన్నీ తెలిసిన మన అమ్మలు మాత్రం 'కూలీ', 'సాగుదారు' గడుల్లో ఉంటారు. చోళ్ళు, సామలు, కందులు కలిపి చల్లే పోడు తెలివికైతే గడే లేదు.

బడి లెక్కా అంతే. సవర మాటలకు గిడుగు రామమూర్తి గారు 1930లలోనే నిఘంటువు కట్టారు. తర్వాత సవర, కువి, కోయ వంటి ఎనిమిది భాషల్లో ప్రభుత్వమే వాచకాలు వేసింది. ఆ భాష వచ్చిన టీచరు ఏడి? ఏజెన్సీ టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. పోస్టు నిండితే లెక్క నిండినట్టే. పిల్ల కువిలో అడిగిన ప్రశ్న మాస్టారికి అర్థం కాలేదన్న సంగతి ఏ ర్యాంకుకూ ఎక్కదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మాస్టార్లూ! మన గూడేల లెక్క మనమే రాద్దాం. బడిలో ఎందరు పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారు, టీచరుకి అందులో ఏది వచ్చు, సెల్లు సిగ్నలు ఎంత దూరం నడిస్తే దొరుకుతుంది, ఎవరింట్లో ఎన్ని రకాల విత్తనాలున్నాయి. ఆ కాగితాలు పట్టుకుని పాడేరు ఐటీడీఏకి వెళదాం. జిల్లా సగటు కాదు, గూడెం వారీ అంకె కావాలని అడుగుదాం.