సౌర మేళాకు ఇంటిల్లిపాదీ వెళ్లాలి

ఏటా ఆగస్టు 20న అక్షయ ఇంధన దినోత్సవం జరిపే ఆనవాయితీ 2004లో మొదలైంది. బడిపిల్లల ఊరేగింపులు, పోటీలు ఇందులో భాగం. అయితే అంతటితో సరిపెడితే ఇంటికి చేరేది బహుమతే గాని విద్యుత్తు కాదు.

ఇటువంటి మేళాల్లో పిల్లలు సౌర కుక్కరు అద్దాన్ని ఎండకు తిప్పి పప్పు ఉడికించాలి. ముసురు పడితే ఉడకదన్న సంగతీ వారి కంటబడాలి. పెద్దలు లెక్కలు అడగాలి. 2024లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఇంటి కప్పుపై మూడు కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. మిగతా సొమ్ము ఇంటివారే భరించాలి. పైగా, బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన పలకలు కరెంటు పోతే సాధారణంగా పనిచేయవు. ఈ మాట ఇల్లాలి చెవిన పడవలసింది కొన్నాక కాదు, కొనకముందే.