బాంబు పడ్డ ఏడాది

మా వూరి శాఖా గ్రంథాలయంలో ప్రతి ఆదివారం సాయంత్రం రెండో ప్రపంచయుద్ధం జరుగుతూ వుంటుంది. సేనాధిపతులు ముగ్గురు. ఒకరు ఉద్యోగ విరమణ చేసిన పోస్టుమాస్టరుగారు, రెండోవారు ప్లీడరుగారు, మూడోవారు మా కాలేజీలోనే రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు. ముగ్గురిలో ఎవరూ కాలేజీలో చరిత్ర చదువుకున్నవారు కారు. అందుకే కాబోలు, ఆ శాస్త్రం మీద వారికి ఇంకా అంత ప్రేమ మిగిలివుంది. నేను తెలుగు చెప్పుకు బ్రతికేవాణ్ణి కనుక నాకు సేనలేమీ లేవు. వేరుశనక్కాయల పొట్లం తీసుకువెళ్లడం మాత్రం నా వంతు.

ఆ కాయలు తిందామంటే ఒక పట్టాన చేతికి దక్కవు. పోస్టుమాస్టరుగారు బల్లమీద పాత దినపత్రిక పరిచి వాటిని ఓడలుగా నిలబెడతారు. మునిగిన ఓడను మాత్రమే తినవచ్చునని నియమం.

మామూలుగా అయితే డంకర్క్ ముందర హిట్లరు టాంకులను ఎందుకు ఆపించాడన్న ప్రశ్నతోనే నెల గడిచిపోతుంది. కిందటి ఆదివారం మాత్రం రసాయనం మాస్టారు, "డంకర్క్ మాట తరువాత, మన కాకినాడ మీద బాంబులు ఎందుకు పడ్డాయో చెప్పండి ముందు" అన్నారు.

పాఠకులలో పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ సంగతి తెలిసే వుంటుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ముందురోజు ఈస్టరు ఆదివారం. ఆనాడే నగుమో అనే నౌకాధిపతి అయిదు విమానవాహక నౌకలతో వచ్చి కొలంబో మీద దాడి చేశాడు. అదే సమయంలో ఒజావా అనే మరొకాయన చిన్న నౌకాదళంతో మన బంగాళాఖాతంలో దూరి, కొద్ది రోజులలోనే 20కి పైగా సరుకు ఓడలను ముంచాడు. మన తీరం మీద బాంబులు వేసినవి ఈ ఒజావా వెంట వచ్చిన ర్యూజో అన్న ఓడమీది విమానాలు.

"మరి తెల్లవాడి నౌకాదళం ఏ గంగలో కలిసింది?" అన్నారు ప్లీడరుగారు.

దానికి పోస్టుమాస్టరుగారి దగ్గర సమాధానం సిద్ధంగా వుంది. సోమర్విల్ అనే ఆంగ్ల నౌకాధిపతికి ఏప్రిల్ 1 ప్రాంతంలో దాడి రావచ్చునని ముందే వేగు అందింది. సింహళానికి దక్షిణంగా వెళ్లి కాచుకున్నాడు. ఎవరూ రాలేదు. పాత యుద్ధనౌకలలో మంచినీళ్లు అయిపోవచ్చాయి. ఇక రారనుకొని 600 మైళ్ల దూరాన, మాల్దీవులలో అడ్డూ అనే రహస్యపు రేవుకు వెళ్లాడు. అక్కడికి చేరిన 4వ తేదీనే, జపాను నౌకలు వస్తున్నాయని గస్తీ విమానం కబురుపెట్టింది! తరువాత రెండు పెద్ద క్రూజర్లూ, 9న హెర్మీస్ అనే విమానవాహక నౌకా మునిగాక, ఉన్న పాత యుద్ధనౌకలను ఆఫ్రికా తీరానికి పంపేశాడు. బంగాళాఖాతానికి కాపలా లేకుండా పోయింది.

"పిరికితనం" అన్నారు ప్లీడరుగారు.

"వివేకం" అన్నారు పోస్టుమాస్టరుగారు. "ఎదురు నిలిచివుంటే ఆ పాత ఓడలు ఒక్కపూటలో అడుగున వుండేవి."

ఈ తగవులో నేను పోస్టుమాస్టరుగారి పక్షం. ఆ రాత్రి సోమర్విల్‌కు తెలిసింది ఎంతో, అంతవరకే అతణ్ణి అడగాలి. జపాను నౌకాదళానికి సింహళాన్ని పట్టుకోవాలని వుండేదనీ, సైన్యంవారు దండు ఇవ్వమనడంతో ఆ ఆలోచన మూలబడిందనీ మనకు తెలుసు. అతనికి ఎవరు చెప్పారు?

మద్రాసు ప్రభుత్వం సంగతీ అంతే. జపాను దండు ఓడలెక్కి వస్తోందని ఏప్రిల్ 7న తప్పుడు కబురొచ్చింది. పనిలేనివాళ్లంతా నగరం విడిచి వెళ్లవలసిందని ప్రకటించి, తమ కచేరీలను లోపలి ప్రాంతాలకు తరలించారు. జంతుప్రదర్శనశాలలో బాంబు పడి బోనులు విరిగితే ఎలాగని సింహాలనూ పులులనూ ఆ నెలలోనే కాల్చి చంపించారు. ఇవాళ చదివితే నవ్వూ జాలీ రెండూ వస్తాయి. కాని ఆనాడు సింగపూరు పోయి రెండు నెలలు కాలేదు, రంగూను పోయి నెల.

మా మామ్మది కాకినాడ. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. ఆమె లెక్కలో శకాలు రెండే, బాంబు పడకముందు, పడ్డ తరువాత. పెళ్లిళ్లూ పురుళ్లూ అన్నీ దాన్నిబట్టే చెప్పేది. మర్నాడే ఇంటిల్లిపాదీ బండి కట్టుకొని పెద్దాపురం దారి పట్టారుట. బండిలో ఊరగాయ జాడీలకు చోటుందా లేదా అని వాళ్ల అమ్మా నాన్నా వీధిలో నిలబడి పోట్లాడుకున్నారుట. జాడీలు ఎక్కాయి. ముసలి తాత మాత్రం ఎక్కనన్నాడు. ఇల్లు కదలనని అరుగుమీద కూర్చున్నాడుట. నెలన్నర తరువాత తిరిగివస్తే తాత అలాగే వున్నాడు, తులసికోటకు నీళ్లు కూడా పోస్తున్నాడు. చిన్నప్పుడు నేను ఈ కథ విని తాతే గెలిచాడనుకునేవాణ్ణి. ఇప్పుడలా అనుకోను. బాంబు అరుగుమీదే పడివుంటే?

ఇంతవరకు సభలో అందరం ఇంచుమించు ఒక్క మాట మీదే వున్నాం. అప్పుడు రసాయనం మాస్టారు, "మీరంతా ఓడలు లెక్కపెడుతున్నారు. పడవల సంగతేమిటి?" అన్నారు.

ఏ పడవలు అన్నట్టు చూశాం. బంగాళంలో పడవలు. ఆ వేసవి భయంలోనే, శత్రువు దిగితే వాడికి వాహనం గాని తిండిగాని దొరకకూడదని, బంగాళపు తీరపు జిల్లాలలో మిగులు బియ్యాన్ని తరలించారు. పదిమందిని మోయగల పడవలన్నిటినీ లాక్కున్నారు, పగలగొట్టారు. 40 వేలకు పైగా పడవలు అలా పోయాయి. అక్కడ పడవ అంటే మనకు ఎడ్లబండిలాంటిది. ధాన్యం సంతకు చేరాలన్నా, బెస్తవాడు చేప పట్టాలన్నా అదే. బర్మా బియ్యం అప్పటికే ఆగిపోయింది. 1942 అక్టోబరులో మిదునాపురం మీద తుపాను పడింది. 1943లో కరువు వచ్చింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే 15 లక్షలమంది పోయారన్నది. తరువాతి పరిశోధకులలో కొందరు దానికి రెట్టింపు చెబుతారు. ఒక్క పడవల వల్లనే ఇదంతా జరిగిందని నేననను. ధరలున్నాయి, యుద్ధపు ఖర్చున్నది, దొరల అలక్ష్యమున్నది. కాని కాలూ చేయీ విరిచినవాణ్ణి వరదలో వదిలినట్టయింది.

"ఆనాటికి తెలిసింది అంతే కదా అని మీరే అన్నారు" అని ప్లీడరుగారు నామీద నా మాటే విసిరారు. "మలయాలో జపానువాడు స్థానికుల పడవలు పట్టుకొనే తీరం వెంట దిగివచ్చాడు. సైన్యాధికారి భయపడడా?"

భయపడవచ్చు. ఐతే సోమర్విల్‌కు ఎదురు చెప్పినవాడు లేడు, ఇక్కడ వున్నారు. పడవలు తీసేయడం తూర్పు బంగాళం మనిషి అవయవాలు నరకడమేనని గాంధీజీ 1942లోనే తన పత్రికలో రాశారు. బంగాళపు ముఖ్యమంత్రి ఫజ్లుల్ హక్ ఈ పద్ధతి కూడదని గవర్నరుకు లేఖ రాశాడు. చెప్పినా వినకపోవడం, తెలియకపోవడం ఒకటి కావు గదా అన్నాను.

ప్లీడరుగారు ఒప్పుకోలేదు. "వినివుండి, జపానువాడు నిజంగానే వచ్చివుంటే, ఇవాళ మీరే ఆ అధికారిని తిట్టేవారు" అన్నారు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

పోస్టుమాస్టరుగారు బల్లమీద పడవలు పేర్చాలని చూశారు. పొట్లంలో పది కాయలు మిగిలాయి. ఇంతలో గ్రంథాలయం బంట్రోతు వచ్చి పంకా ఆపేశాడు. మెట్లమీద నిలబడి మరో అరగంట పోట్లాడుకొని, దోమలకు తాళలేక విడిపోయాం.