సగం కాగితం మీద, సగం సంచిలో: ఈ బేరం మనకొద్దు

ఇల్లు కొనబోయిన మన పిల్లలకు ధర చెప్పిన వెంటనే వినబడే ప్రశ్న ఒకటుంది: "వైట్ ఎంత, బ్లాక్ ఎంత?" బెంగళూరు, చెన్నై, షోలాపూర్, బరంపురం, యానాం... ఊరిని బట్టి భాష మారుతుంది గానీ ప్రశ్న మారదు. ధరలో కొంతే రిజిస్ట్రేషన్ పత్రంలో రాస్తారు. మిగిలింది నోట్ల కట్టలుగా సంచిలో తెమ్మంటారు. మొదటి ఇల్లు కొనేవారు ఈ మాటకు తలూపకూడదని మేము గట్టిగా అంటున్నాం.

"అందరూ చేసేదే, లోకరీతి" అని సర్దిచెప్పేది బ్రోకర్లు మాత్రమే కాదు, మన సంఘ పెద్దలు కూడా. సగం ధర దాచి కొన్న ఇంట్లో గృహప్రవేశ ప్రార్థన పెట్టి, "దేవుడిచ్చిన ఇల్లు" అని సాక్ష్యం చెబుతున్నాం. యువజన కూడికల్లో అవినీతి మీద ఉపన్యాసాలిస్తాం. ఈ ఒక్కచోట మాత్రం నోరు మెదపం. ఎందుకు?

పాపపుణ్యాల సంగతి కాసేపు పక్కనపెట్టి లెక్కే చూద్దాం.

చెన్నైలో 50 లక్షలకు బేరం కుదిరిన పాత ఇల్లు అనుకోండి. "30 లక్షలకు రాయించుకోండి, 20 లక్షలు చేతికివ్వండి, మీకూ స్టాంపు ఖర్చు తగ్గుతుంది" అంటారు అమ్మేవారు. తమిళనాడులో స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. 20 లక్షలు దాచితే కొనేవారికి మిగిలేది 1.80 లక్షలు. వినడానికి బాగానే ఉంది. కానీ బ్యాంకు అప్పు ఇచ్చేది కాగితం మీది ధరను చూసి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అప్పు 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం, 30 లక్షలు దాటి 75 లక్షల వరకైతే 80 శాతం మించకూడదు. పూర్తి ధర రాస్తే 40 లక్షల దాకా అప్పు పుడుతుంది. స్టాంపు ఖర్చుతో కలిపి మన చేతి నుంచి 14.50 లక్షలు చాలు. 30 లక్షలే రాస్తే అప్పు 27 లక్షలు దాటదు. చేతి నుంచి 25.70 లక్షలు పెట్టుకోవాలి.

ఆ అదనపు 11.20 లక్షలు ఎక్కడివి? అమ్మ నగలు, నాన్న పీఎఫ్. అవీ చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ వడ్డీ నెలకు 22,400. మిగిలిందనుకున్న 1.80 లక్షలు ఎనిమిది నెలల వడ్డీకే సరి.

మరి లాభం ఎవరికి? అమ్మేవారికి. వారి మూలధన లాభాల పన్ను తగ్గుతుంది. ఆ భారం ఎక్కడికీ పోదు, మన నెత్తికెక్కుతుంది. రేపు ఆ ఇంటిని మనం పూర్తి ధర చూపించి అమ్మితే, 30 లక్షలకే కొన్నట్టు లెక్క. మన కష్టార్జితం 20 లక్షలు కూడా లాభం కిందే తేలి, ఇప్పటి 12.5 శాతం రేటున 2.50 లక్షల పన్ను పడుతుంది.

బేరం మధ్యలో చెడితే ఇంకా ఘోరం. సంచిలో ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని చట్టం 2015 జూన్ 1 నుంచి నిషేధించింది. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. అందుకే వారు కాగితం మీద ఒక్క అక్షరం రాయరు.

మన వాళ్లు ఎవరో గుర్తు తెచ్చుకుందాం. కోలారు బంగారు గనుల క్వార్టర్లలో పుట్టి, 2001లో గనులు మూతపడ్డాక బతుకుతెరువు కోసం బెంగళూరు రైలెక్కినవారు. నగరాల వీధులు ఊడ్చి పిల్లల్ని చదివించినవారు. ఆ ఇళ్లలో మొదటిసారి జీతం స్లిప్పు చూసిన తరం ఇది. ఆ జీతానికి బ్యాంకులో పుట్టే అప్పే వారికున్న బలం. తాతల ఆస్తి, దాచిన నోట్లు ఉన్నవారికి బ్లాక్ బేరం సులువు. మన పిల్లలను గుమ్మం బయట నిలబెట్టేది ఆ బేరమే.

అయితే బేరం ఎలా ఆడాలి? ముందుగా బ్యాంకు నుంచి ఎంత అప్పు ఇస్తారో రాయించుకున్న పత్రంతో వెళ్లండి. డబ్బు సిద్ధంగా ఉన్న కొనుగోలుదారుకు విలువెక్కువ. అమ్మేవారి పన్ను భయానికి జవాబు దగ్గర పెట్టుకోండి. రెండేళ్లకు పైగా తమదైన ఇంటిని అమ్మి, వచ్చిన లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా చట్టమే మినహాయింపు ఇస్తోంది. వారిని ఆడిటర్‌ను అడగమనండి. అవసరమైతే "మొత్తం వైట్ అయితే ఇంకో 50 వేలు పెంచుతాం" అనండి. వడ్డీ వ్యాపారికి పోయేదానికన్నా అది తక్కువే.

అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. అప్పు మంజూరు కాకపోయినా, హక్కు పత్రాల్లో లోపం తేలినా అడ్వాన్సు తిరిగివ్వాలని అగ్రిమెంట్లో రాయించండి. మనలో చాలామంది తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. బ్రోకర్ చదివి వినిపించాడని సంతకం పెట్టకండి. మీ సొంత వకీలుతో చదివించుకోండి. కొత్త ఫ్లాటైతే, 2016 రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు.

"ఇలా పట్టుబడితే మంచి ఇళ్లు చేజారిపోతాయి" అంటారు. కొన్ని చేజారతాయి, నిజమే. కానీ పూర్తి ధర రాసి అమ్మడానికి ఇష్టపడేవారూ ఉన్నారు. వారి కోసం ఆరు నెలలు ఆగడం, పదేళ్లు వడ్డీ కట్టడం కన్నా మేలు.

యిర్మీయా అనాతోతులో పొలం కొన్న తీరు మనం చదివిందే. పదిహేడు తులాల వెండి సాక్షుల ముందు తూచి ఇచ్చాడు. పత్రం రాయించి, ముద్ర వేయించి, మట్టికుండలో భద్రపరచమన్నాడు. నగరం ముట్టడిలో ఉన్న రోజుల్లో కూడా ధర దాచలేదు, సాక్షుల్ని తప్పించలేదు.

పెద్దలారా, గృహప్రవేశానికి ప్రార్థించడానికి వచ్చేముందు అగ్రిమెంట్ రోజున పిల్లల పక్కన కూర్చోండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, "బ్లాక్ ఎంత?" అని ఎవరడిగినా "కాగితం మీద ఎంతో, ధర అంతే" అని చెప్పండి. ఆ మాట అనే ధైర్యం మీకు లేనప్పుడు మమ్మల్ని వెంట తీసుకెళ్లండి.